ముందు పాడినామె వినాలి

ఇవాళ హెడ్‌ఫోన్ల స్పాంజిలో మళ్ళీ కొబ్బరినూనె వాసన వచ్చింది. మా యూనివర్సిటీ డిజిటల్ సెంటర్లో కొత్తవి అరడజను ఉన్నాయి. అయినా నేను ఏ ఊరు వెళ్ళినా ఈ పాతవే సంచిలో పెట్టుకుంటాను. ఇవి సుందరరావు గారివి. తెనాలిలో నాటకాలకి మైక్ సెట్ నడిపి, తర్వాత మా సెంటర్లో రికార్డింగ్ పనికి చేరిన మనిషి ఆయన. ఆయన పోయి రెండేళ్ళయింది. సెంటర్లో ప్రొఫెసర్లకేం కొదవ లేదు గానీ, నాకు పరిశోధన నేర్పింది మాత్రం ఈయనే. ఈ మాట ఎక్కడైనా చెబుతాను.

బాపట్ల నుంచి నాట్ల పాటల మీద పీహెచ్‌డీ చేస్తానని వచ్చినప్పుడు నా దగ్గరున్నవి ఒక ఫోను, బోలెడంత పొగరు. సెంటర్ నాకు మంచి రికార్డర్ ఇచ్చింది, పాటలు పాడవకుండా దాచుకోవడానికి సర్వర్లో చోటిచ్చింది, రాసుకున్న ప్రతి చరణాన్నీ దాని ధ్వనితో జతచేయడం నేర్పింది. తోడుగా సుందరరావు గారిని పంపింది. సామాను మోయడానికి కాబోలు అనుకున్నాను. తెనాలి స్టేషన్లో రేపల్లె బండి కోసం చూస్తుంటే, పాడేవాళ్ళకి ఏం తీసుకెళ్తున్నావమ్మా అని అడిగారు. ఏమీ లేదన్నాను. పోనీలే, వాళ్ళ గొంతే వాళ్ళకి వినిపిద్దాం అన్నారు.

అదే ఆయన పద్ధతి. పాట అవగానే ఎలా వచ్చిందో వినాలని నేను చెయ్యి చాపేదాన్ని. ఆయన నన్ను దాటి వెళ్ళి, పాడినామె తలకి హెడ్‌ఫోన్లు తగిలించేవారు. "ముందు పాడినామె వినాలి," అనేవారు. ఆ ఆడవాళ్ళేమో పమిట నోటికడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళు. ఇది నా గొంతు కాదని ఎవరైనా పేచీ పెడితే ఓపిగ్గా మళ్ళీ రికార్డు చేసేవారు. నాకేమో తిరుగు బండి వెళ్ళిపోతుందని కంగారు.

రేపల్లె దగ్గరి ఒక పల్లెలో ఏస్తేరమ్మ గారని, నలభయ్యేళ్ళు నాట్లేసిన మనిషి, అరుగు మీద కూర్చుని మధ్యాహ్నమంతా పాడింది. చివర్లో గొంతు తగ్గించి ఇంకో పాట ఎత్తుకుంది. పురిట్లోనే పోయిన తన తొలిబిడ్డని 'రూతూ, రూతూ' అని పిలుస్తూ, నాటే ప్రతి నారుమొక్కనీ తన బిడ్డ కనిపించిందా అని అడిగే పాట. తనే కట్టుకుందట. నా మూడో అధ్యాయం దొరికిందని లోపల్లోపల ఎగిరి గంతేశాను. ఏస్తేరమ్మ గారు కళ్ళు మూసుకుని తన పాట తను విని, హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఇది జనంలో పెట్టొద్దు బాబూ. తర్వాత పుట్టిన మా పిల్ల ఎప్పుడన్నా వచ్చి అడిగితే వినిపించండి," అంది.

సుందరరావు గారు ఆ మాట ఉన్నదున్నట్టు అనుమతి కాగితం మీద రాసి, చదివి వినిపించి, సంతకం చేయించారు.

తిరుగు బండిలో నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ ఒక్క పాట లేకపోతే నా పరిశోధనలో ప్రాణమే లేదు. పాడినామె పేరు తీసేసి వాడుకుంటాను, ఎవరికి తెలుస్తుంది అని వాదించాను.

"పేరు తీసేస్తే ఆ బాధ ఎవరిదో అయిపోద్దా అమ్మా?" అన్నారాయన.

అలాగైతే చెరిపేయండి అన్నాను ఉక్రోషంగా. చెరపమని ఆవిడ అనలేదు, బయట పెట్టొద్దంది, ఆ రెండూ ఒకటి కాదన్నారు. మర్నాడు ఆ పాటని సర్వర్లో తాళం వేసిన చోట పెట్టించారు. నేను వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. మిగతా పాటలతోనే అధ్యాయం రాశాను. పట్టా వచ్చింది, ఈ సెంటర్లోనే ఉద్యోగమూ వచ్చింది. ఆ పాట లేని లోటు మాత్రం ఏళ్ళ తరబడి పంటికింద రాయిలా ఉండిపోయింది.

ఇవాళ పొద్దున పొన్నూరు నుంచి ఒకావిడ బస్సు దిగి వచ్చింది. పోయిన నెల వాళ్ళమ్మ పోయిందట. అమ్మ పాటలు ఇక్కడున్నాయంట కదండి అంది. అమ్మ పేరు ఏస్తేరమ్మ అని చెప్పింది. ఆవిడ పేరేంటని అడిగాను.

"రూతండి."

పోయిన బిడ్డ పేరే తర్వాతి బిడ్డకి పెట్టుకుంది ఏస్తేరమ్మ గారు. నేను వాదించి గెలిచి ఉంటే, ఈ పిల్ల తన పేరు పెట్టి అమ్మ ఏడ్చిన ఏడుపుని ఏ పుస్తకంలోనో చూసి ఉండేది. కాగితం తీసి సుందరరావు గారి దస్తూరీ చూపించాను. తాళం తీశాను. సరిగ్గా వస్తోందో లేదో ముందు నేను వినబోయి, ఆగి, హెడ్‌ఫోన్లు ఆవిడ తలకి తగిలించాను.

పాటలో ఒక్క ముక్క కూడా నాకు వినపడలేదు. ఎదురుగా కూర్చుని ఆవిడ మొహమే చూశాను. అయ్యాక ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

"చిన్నప్పుడు నేను దగ్గరికెళ్తే పాట ఆపేసేదండి. అక్కని కూడా నన్ను పిలిచినట్టే పిలిచేదన్నమాట," అని, "ఇంకోసారి పెడతారా?" అంది.

ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు పెట్టాను. ఆవిడ వెళ్ళాక స్పాంజికంటిన తలనూనె తుడుద్దామని గుడ్డ తీసుకున్నాను గానీ, తుడవకుండానే హెడ్‌ఫోన్లు సంచిలో పెట్టుకున్నాను.