రాజమల్లు పేరుతో వచ్చిన రెండో ఫోటో

ఇది కల్పించి చెప్తున్నానని అనుకునేవాళ్లు ఇక్కడితో ఆపేయొచ్చు... నాకేం కోపం రాదు. నేను చదివింది ఐదో తరగతి. కథలు అల్లే తెలివి నాకు లేదు. కళ్లతో చూసింది మాత్రం మర్చిపోను. అంతే.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. బస్సులు లేవు. బడులు లేవు. మాది సిరిసిల్ల, సాంచెల మీద బతికే ఇల్లు. కరెంటుతో నడిచే మగ్గాలను మేం సాంచెలంటాం. కరెంటు కోతలతో అవి కూడా ఆగిపోయాయి. పుట్టినప్పటి నుంచి ఆ చప్పుడులో పడుకున్నదాన్ని... ఊరు నిశ్శబ్దమైతే నాకు నిద్ర పట్టదు.

నా చెల్లెలు లలిత ఉండేది కోరుట్లలో. దాని భర్త రాజమల్లు మస్కట్ పోయి ఏళ్లయింది. మొదట్లో ఫోన్లు చేసేవాడు. తర్వాత ఆగిపోయాయి. పనిచేసే చోటు నుంచి వెళ్లిపోయాడని మాత్రమే కబురు. ఉన్నాడో లేడో చెప్పేవాళ్లు లేరు. చూసి చూసి కులపెద్దలు ఒక మాటకొచ్చారు. దర్భగడ్డితో మనిషి బొమ్మ చేసి, వెల్గటూర్ దగ్గర గోదావరి ఒడ్డున దానికే కర్మ చేయించాలని. తెల్లారితే ప్రయాణం. లలిత గాజులు తీసేదీ అక్కడే.

నా కొడుకు శ్రీకాంత్ జగిత్యాలలో కంప్యూటర్ చదువు చదువుతున్నాడు. కాలేజీ మూతపడి ఇంట్లో ఉన్నప్పుడు ఒక వెబ్‌సైట్ చేశాడు. గల్ఫ్ పోయి జాడ తెలియని వాళ్ల ఫోటోలు ఇంటివాళ్లు అందులోకి ఎక్కించాలి. అక్కడున్న మనవాళ్లు ఎవరైనా గుర్తుపడితే చెప్తారు. గాజులు తీయకముందే చిన్నాయిన ఫోటో చిన్నమ్మ ముందరే ఎక్కిద్దామని, నన్ను బండి మీద కూర్చోబెట్టుకుని బయల్దేరాడు. కథలాపూర్ దగ్గర రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. మాకింత పులిహోర పెట్టి, జై కొట్టించుకుని వదిలారు. కోరుట్ల చేరేసరికి చీకటి పడింది.

లలిత ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. దాని అత్త నర్సవ్వ మంచం మీద ఉంది. ఆమెకు చూపు ఆనదు. శ్రీకాంత్ లాప్‌టాప్ తెరిచి నెట్ డాంగిల్ గుచ్చాడు. రాజమల్లు పోయేముందు కొత్త ఫోన్ కొనుక్కుని, దాంతోనే దిగిన ఫోటో శ్రీకాంత్ దగ్గర భద్రంగా ఉంది.

"బొమ్మేమో ఫోల్డర్ల పోయి కూసుంటదమ్మా," అని నాకు చూపించాడు. "దాని వివరాలు గీ పట్టికల పడతయి. పేరు, సైజు, ఏ ఫోన్ల దిగింది, ఎప్పుడు దిగింది, మనకు ఎప్పుడొచ్చింది."

"గివన్నీ ఎందుకురా. మొఖం చాలదా?"

"పాతదో కొత్తదో తెల్వాలె గదా. ఎవలన్న మొన్న చూసి తీసిన్రనుకో, గా తారీకే మనకు ఆధారం."

మనవాళ్లు మనిషిని ఇంటిపేరుతోనే వెతుకుతారు కదా... అందుకని ఫోటోకు ఇంటిపేరూ పేరూ కలిపి పెట్టమని అందరికీ చెప్పాడట. "కని ఒక్క లోపమున్నది. ఒకే పేరుతోని ఇంకో ఫోటో అచ్చిందనుకో, పాతదాని మీద కూసుంటది. పాతది పోతది. సరిజెయ్యాలె."

ఫోటో ఎక్కింది. రాజమల్లు ముఖం నిండుగా వచ్చింది. లలిత చేతిలో దారం ఆగింది.

"నవ్వుతున్నడా?" అని మంచం మీద నుంచి నర్సవ్వ అడిగింది.

"నవ్వుతున్నడు అత్తమ్మ."

కాసేపటికి కరెంటు పోయింది. ఉక్కపోత. తలుపు బార్లా తెరిచాం. లాప్‌టాప్ వెలుగు ఒక్కటే. చుట్టూ ఏ చప్పుడూ లేదు... నాకు అదే బాగోలేదు.

"ఇంకొక్కసారి చూపియ్ శ్రీకాంత్," అంది లలిత.

వాడు మళ్లీ తెరిచాడు. నెట్ నెమ్మదిగా ఉంది. బొమ్మ పైనుంచి కిందికి కొంచెం కొంచెంగా దిగుతోంది.

ముందు... పెంకులు.

ఇందాక పెంకులు లేవు. ఇందాక ముఖమే వచ్చింది.

తర్వాత గోడ. గోడ మీద తెల్లగా ఏవో అక్షరాలు. సున్నంతో రాసినవి... జై తెలంగాణ. లలిత ఇంటి గోడ మీద వాడకట్టు పిల్లలు ఈ సమ్మెలోనే రాశారు. రాజమల్లు పోయిననాడు అవి లేవు.

ఇంకొంచెం దిగింది. తలుపు. బార్లా తెరిచిన తలుపు. లోపల నీలంగా వెలుగు...

ఆ వెలుగులో మూడు తలలు. ఒకదానికొకటి ఆనించినట్టు వంగి. నడుమ ఉన్నది నేను. నా భుజం మీద చీర అంచు కూడా తెలుస్తోంది.

అటు లలిత, ఇటు శ్రీకాంత్.

"ఇంకా నవ్వుతున్నడా?" అంది నర్సవ్వ.

శ్రీకాంత్ పట్టిక తెరిచాడు. రాజమల్లు పేరు మీద రెండో వరుస. మేం ఎక్కించింది కాదు. ఫోన్... అదే రకం. రాజమల్లు వెంట పోయిన ఫోన్.

"ఎప్పుడు దిగిందిరా?"

"ఇప్పుడే అమ్మా."

తలుపు వైపు చూశాం. వాడకట్టంతా చీకటి. అడుగుల చప్పుడు లేదు. ఎదురింటి కుక్క మాత్రం లేచి నిలబడి ఉంది. మొరగలేదు... చీకట్లోకి చూస్తూ తోక ఊపుతోంది.

లలిత గడప దాకా పోయింది. మొగుణ్ణి పేరు పెట్టి పిలిచే అలవాటు మాలో లేదు. "ఇగో..." అంది. "నువ్వేనా? లోపలికి రారాదు."

ఏమీ లేదు. కుక్క కూర్చుంది.

"మాట్లాడరేంది? నా కొడుకు మొఖమేది?" నర్సవ్వ మంచం మీద లేచి కూర్చుంది. మొఖం పోయి ఇంటి తలుపు వచ్చిందని చెప్పాను. "గట్ల ఉంచద్దు బిడ్డా. ఖాళీ తల్పు మంచిది గాదు. ముందుగాల వాని మొఖం పెట్టుర్రి."

శ్రీకాంత్ రాజమల్లు ఫోటోను మళ్లీ ఎక్కించాడు. అదే పేరుతో. ఎక్కిన మరుక్షణం తల పట్టుకున్నాడు.

"అమ్మా... దాని మీద కూసున్నది."

తలుపు ఫోటో పోయింది. ఎంత వెతికినా దొరకలేదు. పట్టికలో మూడు వరుసలు. ఫోల్డర్‌లో బొమ్మ ఒక్కటే. నవ్వుతున్న రాజమల్లు.

తెల్లారి కులపెద్ద జీపు తీసుకుని వచ్చాడు. శ్రీకాంత్ ఆ వరుస చూపించాడు. ఆయన వంగి చూశాడు.

"బొమ్మేది?"

"పోయింది పెద్దనాయినా. వివరాలే ఉన్నయి."

"అసొంటి ఫోను జగిత్యాల బజార్ల ఎవన్నడిగినా ఇస్తడు. ఎవడో ఆకతాయి తీసిండు. లలితా, నడువు బిడ్డా. పొద్దెక్కుతున్నది."

అది నిజమే కావచ్చు. కానీ ఆ రాత్రే రాజమల్లు పేరు అందులో ఎక్కిందని ఆకతాయికి ఎవరు చెప్పారు...

లలిత కదల్లేదు. చేతులు కొంగు కింద పెట్టుకుంది. "నేను చూసిన పెద్దనాయినా. నేను రాను," అంది. గట్టిగా కూడా అనలేదు. జీపు ఖాళీగా తిరిగిపోయింది.

తెలంగాణ వచ్చింది. శ్రీకాంత్ ఆ లోపం సరిచేశాడు. రాజమల్లు పేరు మీద ఇంకో ఫోటో రాలేదు. మనిషీ రాలేదు. మేం కలిసినప్పుడల్లా, ఇంట్లో అందరూ పడుకున్నాక, లలిత నన్ను ఒకే మాట అడుగుతుంది.

"గంత దగ్గరికి అచ్చినోడు లోపలికెందుకు రాలేదక్కా?"

ఉన్నాడందామంటే రాలేదు. లేడందామంటే తీసిందెవరు... నేను దాని చేయి పట్టుకుని కూర్చుంటాను. ఆ గాజులు తీసెయ్ అనడానికి నాకు నోరు రాదు. ఉంచుకో అనడానికీ రాదు.