ముగ్గురాయి మిల్లులో నాలుగు లైట్లు

మంగంపేట దగ్గర ముగ్గురాయిని పొడి చేసే మిల్లు ఒకటుంది. అక్కడ నేను చేసిన ఒక పని గురించి ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పుకోలేదు.

నేను ఎలక్ట్రీషియన్‌ని. మాది మైదుకూరు. అప్పట్లో కడప, కర్నూలు వైపు మిల్లుల్లోనూ గోడౌన్లలోనూ పాత మెర్క్యురీ లైట్లు పీకేసి ఇండక్షన్ లైట్లు బిగించడమే మా పని. వాటిలో కాలిపోయే తీగ ఉండదు. గాజు గొట్టానికి తొడిగిన అయస్కాంతపు చుట్టే లోపలి వాయువును వెలిగిస్తుంది. ఏళ్ల తరబడి మాడిపోవు, కరెంటు సగమే తాగుతాయి. అందుకే ఓనర్లు మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చేవాళ్లు.

నాతో పనిచేసే ఆయన నాకంటే పదేళ్లు పెద్ద. అన్నా అనేవాణ్ణి. కోయిలకుంట్ల దగ్గర పల్లె నుంచి వచ్చి మంగంపేట పక్కన స్థిరపడ్డాడు. తాతల కాలం నుంచి చర్చికి పోయే కుటుంబం. నిచ్చెన ఎక్కే ముందు కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకోనిదే మొదటి మెట్టు మీద కాలు పెట్టేవాడు కాదు. ఆయన భార్య, మా వదిన, పన్నెండేళ్లుగా ఆ మిల్లులోనే సంచులకు పొడి నింపే పని చేసేది. మా గురించి మేనేజరుకు చెప్పి, ఆ పని మాకు ఇప్పించింది కూడా ఆమే.

ఆ షెడ్డు లోపల పట్టపగలు కూడా మసక మసకగానే ఉండేది. పైన లైట్ల మీద వేలి మందాన పొడి పేరుకుపోయింది. మిల్లు ఆపిన మూడు రోజుల్లో అన్నీ మార్చేశాం. నాలుగో రోజు పొద్దున ఆడవాళ్లు పనికి వచ్చాక స్విచ్ వేశాం. పాత లైట్లలా మెల్లగా వేడెక్కడం లేదు, ఒక్కసారిగా షెడ్డంతా తెల్లబడింది.

"పెండ్లింటి మాదిరి ఉండాదే!" అందొకామె. అందరూ నవ్వారు.

తర్వాత మిల్లు తిరగడం మొదలైంది. కాసేపటికే సంచులు నింపే చోట గాలిలో పొడి లేచి గోడలా నిలబడింది. కదలదు, కిందికి దిగదు. దాని మధ్యలో ఆ ఆడవాళ్లు. ఒక్కొక్కరి చేతులూ ఆగిపోయాయి. వదిన తలెత్తి నన్ను పిలిచింది.

"ఏమప్పా, ఈ కొత్త లైట్లు పొగ కక్కుతాండాయా?"

"లేదు వదినా. అది దినామూ ఉండేదే. ఇప్పుడు కనపడతాండాది, అంతే."

ఆమె ముక్కుకు చుట్టుకున్న చెంగు విప్పి, ఒకసారి తిప్పి చూసుకుంది. లోపలి పక్క కూడా తెల్లగానే ఉంది.

"అయితే ఇన్నేండ్లూ ఇదేనా మేం మింగుతాంటిమి?"



మధ్యాహ్నం అన్నం తినకుండా ఆడవాళ్లందరూ కలిసి మేనేజరు దగ్గరికి పోయారు. దుమ్మును లాగే ఫ్యాను మోటారు ఎప్పుడో కాలిపోయింది, దాన్ని బాగుచేయించమన్నారు. ముక్కుకు కట్టుకునే మాస్కులు ఇవ్వమన్నారు. మరుసటి రోజు ఓనరే కారులో వచ్చాడు. షెడ్డులో నిలబడి పైకి చూసి, మా ఇద్దరినీ పిలిచాడు.

"సంచుల కాడ ఇంత వెలుతురు ఎందుకప్పా? ఆ పైనుండే నాలుగు లైట్లూ పీకి గోడౌన్లో పెట్టండి."

అన్న నెమ్మదిగానే అన్నాడు. "సార్, ఆ ఫ్యాను మోటారుకు కొత్త తీగ చుట్టించి తెప్పించండి. కూలి వద్దు, నేనే బిగిస్తా."

"నేను చెప్పింది లైట్ల సంగతి."

అన్న చేతిలోని స్క్రూడ్రైవరు సంచిలో వేసుకున్నాడు. "నా చేత్తో పీకను సార్" అని, నా మొహంలోకి చూశాడు. నేను కూడా వస్తాననుకున్నాడు. ఆ ఓనరుకు ఇంకా రెండు మిల్లులున్నాయి. ఆ పనులు కూడా మాకే ఇస్తానని అప్పటికే మాటిచ్చాడు. నేను తల దించుకున్నాను. అన్న ఒక్కడే గేటు దాటి వెళ్లిపోయాడు.

నిచ్చెన వేసుకుని ఎక్కాను. కింద వదిన సంచి మూతి పట్టుకుని ఉంది. ఒక్కొక్క లైటూ దింపుతుంటే ఆ చోటు మళ్లీ మసకబారింది. ఆమె ఒక్కసారి కూడా తల ఎత్తలేదు. నాలుగోది దించేసరికి ఆ పొడి ఎవరికీ కనిపించలేదు. ఫ్యాను రాలేదు, మాస్కులూ రాలేదు.

అన్న ఆ తర్వాత నన్ను పనికి పిలవలేదు. వేరే మనిషితో పోయేవాడు. వదిన మాత్రం అదే మిల్లుకు పోతూనే ఉంది. ఇద్దరు ఆడపిల్లల చదువు ఆమె కూలి మీదే నడిచేది. నాలుగేళ్లకు దగ్గు పట్టుకుంది. మొదట టీబీ అని ఆరునెలలు మందులు వాడారు, తగ్గలేదు. చివరికి కడప పెద్దాసుపత్రిలో ఊపిరితిత్తులు దుమ్ముతో గట్టిపడిపోయాయన్నారు. మందు లేదన్నారు.

ఒకసారి ధైర్యం చేసి చూడటానికి పోయాను. అన్న లేడు. ఆమె మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది. పడుకుంటే ఊపిరాడదట. నేను పక్కన కూర్చుని, ఆ రోజు గురించి ఏదో చెప్పబోయాను. చేత్తో ఆపింది.

"నువ్వు పీకకపోతే ఇంకొకడు పీకుతాండె, లేప్పా." ఊపిరి కోసం చాలాసేపు ఆగింది. "అయినా పీకింది నువ్వే."

కోపంతో అనలేదు. ఉన్నమాట చెప్పింది. ఆ తర్వాత కూతుర్ని పిలిచి నాకు మజ్జిగ ఇమ్మంది. నేను తాగాను. ఎలా తాగానో నాకిప్పటికీ తెలియదు.

ఎండలు ముదిరాక ఆమె పోయింది. చర్చి వెనక సమాధుల దొడ్డిలో నేల గడ్డపారకు కూడా లొంగలేదు, తవ్వడానికి పొద్దంతా పట్టింది. మిల్లు ఆడవాళ్లు ఆ పూట పని మానుకుని వచ్చారు. పాట పాడుతున్నప్పుడు వాళ్లలో ఇద్దరు దగ్గుతూనే ఉన్నారు. పాస్టరు ప్రార్థన ముగించాక ఒక్కొక్కరూ గుప్పెడు మట్టి వేశారు. నేను దూరంగా గోడ దగ్గరే నిలబడ్డాను. అన్న నన్ను చూశాడు.

"యాడ నిలబడినావు? వచ్చి మట్టి వెయ్" అన్నాడు.

వెళ్లి వేశాను. అన్న పిల్లలిద్దరినీ చెరో పక్క పట్టుకుని ఇంటి దారి పట్టాడు.