బావగారు వెనక్కి తీసుకున్న మాట

మా బావగారు పోయారని మొన్న ఆదివారం పొద్దున అక్క ఫోన్ చేసింది. "కాఫీ కలిపి తెచ్చేసరికి వెళ్ళిపోయారే" అంది.

ఎనభైల మొదట్లో అమెరికాలో, అలబామా రాష్ట్రంలో ఒక చిన్న ఊళ్ళో, వాళ్ళింట్లో మూడేళ్ళు ఉండి చదువుకున్నాను. ఆయన అక్కడి హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఊరి మొత్తానికి తెలుగువాళ్ళం మేం ముగ్గురమే. రోజూ టై కట్టుకుని, డబ్బాలో ఉప్మా పెట్టుకుని బయల్దేరేవారు. "బావగారూ, టైకి కరివేపాకు అంటుకుంది" అని ఏడిపిస్తే, "నీకు సంబంధం చూసేటప్పుడు నీ నోటి సంగతి ముందే చెప్పేస్తాను" అనేవారు. పిల్లలు లెక్క తప్పు చేస్తే చెరపనిచ్చేవారు కాదు. "అది అలాగే ఉంచు. కింద సరిగ్గా చెయ్యి. ఎక్కడ తప్పావో నీకు కనపడాలి" అనేవారు.

స్కూల్లో ఆయన పక్క గదిలో ఇంగ్లీషు చెప్పే నల్లజాతి టీచర్ ఒకావిడ ఉండేది. ఊళ్ళో ఎవరూ ఇల్లు అద్దెకివ్వకపోతే వెంట తిరిగి ఇప్పించింది ఆవిడే. అక్కకి డ్రైవింగ్ నేర్పిందీ ఆవిడే. మధ్యాహ్నం ఇద్దరూ కలిసి తినేవారు. డబ్బాలో సగం ఉప్మా ఆవిడకే పోయేది.

ఆ స్కూలు జిమ్ మీద పాత దక్షిణాది జెండా ఎగిరేది. ఎర్ర గుడ్డ మీద నీలం ఇంటూ గుర్తు, అందులో నక్షత్రాలు. బానిసల్ని వదులుకోలేక యుద్ధానికి దిగి ఓడిపోయినవాళ్ళ జెండా. దాన్ని దించమని నల్లవాళ్ళ పిల్లల తల్లిదండ్రులు అడిగితే స్కూలు బోర్డు మీటింగ్ పెట్టింది. దించకూడదన్నవాళ్ళు లేచి, ఇది రాష్ట్రాల హక్కుల సంగతి, వాషింగ్టన్‌లో కూర్చున్న కేంద్రం మాకు చెప్పేదేంటి అన్నారు.

ఆ మాటతో మా బావగారికి పౌరుషం వచ్చింది. ఇండియా నుంచి నెల ఆలస్యంగా వచ్చే వారపత్రికల్ని ఆయన అక్షరం వదలకుండా చదివేవారు. ఢిల్లీ పెత్తనం, తెలుగువాడి ఆత్మగౌరవం తప్ప ఆ రోజుల్లో మా భోజనాల దగ్గర వేరే మాట లేదు. చెయ్యెత్తి లేచి, "రాష్ట్రం హక్కు రాష్ట్రానిదే. మా దేశంలోనూ ఇదే పోరాటం" అన్నారు. హాలు చప్పట్లతో మోగిపోయింది. ఎందుకు దాచాలి, నేనూ కొట్టాను. ముందు వరసవాళ్ళు వచ్చి ఆయన భుజం తట్టారు. పాపం, బావగారు నవ్వుతూ ఆ ఇంగ్లీషు టీచర్ వైపు చూశారు. ఆవిడ హ్యాండ్‌బ్యాగ్ తీసుకుని బయటికి నడిచింది.

మర్నాడు ఆవిడ ఇంటికి వెళ్ళాం. వరండాలోనే నిలబడి మాట్లాడింది.

"వాళ్ళడిగేది ఏం హక్కో నాకు తెలియలేదండీ" అన్నారు బావగారు.

"మా అమ్మమ్మ వాళ్ళమ్మని అమ్ముకునే హక్కు" అంది. గొంతు కూడా పెంచలేదు. "ఆరేళ్ళుగా నా పక్క గదిలో ఉన్నారు. రోజూ కలిసి తింటున్నాం. లేచే ముందు నన్ను ఒక్క మాట అడగాలనిపించలేదా?"

ఆయన వరండా మెట్లు దిగారు. ఆయన వెనకే నేనూ దిగాను.

రెండో మీటింగ్‌లో ఆయన మళ్ళీ లేచారు. "పోయినసారి తెలియక మాట్లాడాను. రాసుకున్నవాళ్ళు దాన్ని చెరపకండి. దాని కింద ఇది రాయండి. ఆ జెండా దించాలి." ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. వెనక నుంచి ఎవరో "వచ్చిన చోటికే పో" అని అరిచారు. ఎవరికోసం లేచారో ఆవిడ ఆ రోజు రానేలేదు. ఊరి పేపరు మాత్రం ఇండియా మాస్టారు కూడా జెండా వైపేనని మొదటి మాటే వేసుకుంది. బోర్డు జెండాని ఉంచేసింది. తప్పు ఒప్పుకునేవాళ్ళని తర్వాత చాలామందిని చూశాను, అదీ మెచ్చుకునేవాళ్ళున్న చోట. మా బావగారి మీద నాకున్న గౌరవమంతా ఆ సాయంత్రం నుంచే.

వేసవి సెలవులకి ముందు ఆవిడ వేరే ఊరి స్కూలుకి మారిపోయింది. ఆఖరి రోజు మిట్టమధ్యాహ్నం పుస్తకాల పెట్టెలు కారులోకి మోసుకుంటుంటే బావగారు పరుగున వెళ్ళి ఒకటి అందుకున్నారు. ఇచ్చింది. రెండోదానికి చెయ్యి చాపితే, "ఫరవాలేదు సార్, నేను తెచ్చుకుంటాను" అంది. ఎప్పుడూ పేరు పెట్టి పిలిచే మనిషి. ఇంకో నాలుగుసార్లు లోపలికీ బయటికీ తిరిగింది. అంతసేపూ ఆయన ఆ ఎండలో, ఆవిడ వచ్చినప్పుడల్లా ఓ అడుగు పక్కకి జరుగుతూ, డిక్కీ మూత పడిపోకుండా రెండు చేతులతో ఎత్తి పట్టుకుని నిలబడ్డారు.