అలెగ్జాండ్రియా నుంచి వచ్చిన గుడ్లగూబ నాణేలు

మొన్న మా కోడలు వెండి గిన్నెలను చింతపండుతో తోముతుంటే ఆ పుల్లటి వాసన వసారాలోకి వచ్చింది. చదువుతున్న పుస్తకం పక్కన పెట్టేశాను. సుబ్రహ్మణ్యంగారికి ఆ వాసన గిట్టేది కాదు. “పాత వెండిని తోమితే దాని వయసు పోతుందోయ్” అనేవారు. నేను బెజవాడలో లెక్చరరుగా చేరినప్పుడు మా చరిత్ర శాఖకు ఆయనే పెద్ద. గవర్నరుపేటలో వాళ్ళ ఇంట్లోనే పక్క వాటాలో అద్దెకుండేవాణ్ణి.

ఆయనకు ప్రాచీన గ్రీకు వెండి నాణేలంటే ప్రాణం. ఒకవైపు దేవత తల, రెండోవైపు గుడ్లగూబ ఉండే ఏథెన్సు నాణేలకు ఆ కాలంలోనే ఈజిప్టు వంటి చోట్ల అనుకరణలు తయారయ్యాయి. అసలునూ అనుకరణనూ పక్కపక్కన పెట్టి చూపించేవారు. కొన్ని మంచి వెండివే అయినా, గ్రీకు చదవడం రానివాడు అచ్చు చెక్కడం వల్ల అక్షరాలు వంకరపోయి ఉండేవి. కొన్నింటికి లోపల రాగి, పైన వెండి రేకు. “ముందు అంచు చూడు, తర్వాత అక్షరాలు చూడు. దేవత మొహం ఆఖర్న చూడు. మొహం చూస్తే నమ్మాలనిపిస్తుంది” అనేవారు. ఆయన ఒక్కగానొక్క కొడుకు శేషు ఈ విద్యలో నాకంటే ఎంతో ముందున్నాడు. బల్లకు అవతల నిలబడే ఇది అసలు, ఇది కాదు అని చెప్పేసేవాడు.

రెండో ప్రపంచ యుద్ధంలో శేషు పటాలంలో చేరి ఆఫ్రికా వెళ్ళాడు. కొన్నాళ్ళకు గల్లంతయ్యాడని తంతి వచ్చింది. శేషు తల్లి కామేశ్వరమ్మగారు ఆ ‘గల్లంతు’ అనే మాటనే పట్టుకుని బతుకుతున్నారు. ఒక ఆదివారం పొద్దున్న కంకిపాడు కుర్రాడు వెంకయ్య, శేషుతో పనిచేసిన సిపాయి, సెలవు మీద వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

“మావాడు బాగున్నాడా నాయనా?” అన్నారావిడ, కూర్చోమనైనా అనకుండా.

“బాగున్నాడమ్మా. కాలికి దెబ్బ తగిలి ఆస్పత్రిలో ఉన్నాడు” అన్నాడతను. జేబులోంచి చిన్న గుడ్డమూట తీశాడు. “అయ్యగారికివ్వమన్నాడండి. అలెగ్జాండ్రియా బజార్లో తనే ఏరి కొన్నాడు.”

ఆవిడ ఏడుస్తూ, నవ్వుతూ వంటింట్లోకి పరిగెత్తారు. సుబ్రహ్మణ్యంగారు మూట విప్పి భూతద్దం పెట్టి చూశారు. అద్దం నాకందించారు. నాలుగూ గుడ్లగూబలే. అంచుల్లో వెండి లేచిపోయి రాగి ఎర్రగా కనబడుతోంది. అక్షరాల్లో ఒకటి తలకిందులుగా ఉంది. నేను తలెత్తలేకపోయాను.

“బాబూ, వీటిని మా శేషు ఏరడు,” అన్నారాయన మెల్లగా. “ఎప్పుడు పోయాడు?”

వెంకయ్య టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. “నా పక్కనేనండి. చెబుదామనే వచ్చానండి. అమ్మగారు అలా అడిగేసరికి నోరు రాలేదు. ఎప్పుడూ ఈ బిళ్ళల గురించే చెప్పేవాడు, అందుకని నాకు దొరికినవి తెచ్చాను.”

“ఇప్పుడే చెప్పకండి సార్” అన్నాను నేను.

“మరెప్పుడు? ఇవాళే వాడికి ఉత్తరం రాస్తుందోయ్. రేపటినుంచి జవాబు కోసం గుమ్మంలో కూర్చుంటుంది.”

ఆయన వంటింట్లోకి వెళ్ళి, పొయ్యి దగ్గరున్న భార్య పక్కన నేలమీద చతికిలబడ్డారు. ఆవిడ చెయ్యి పట్టుకుని, “కామేశ్వరీ, శేషు లేడు” అన్నారు. ముందు ఒక్క మాట లేదు, వెనక ఒక్క మాట లేదు.  ఆవిడ వంటింటి గుమ్మంలోకి వచ్చిన వెంకయ్య వైపు చూసి, “నువ్వు చెప్పినదాంట్లో ఏదైనా నిజముందా నాయనా?” అని అడిగారు.

“మీ చేతి పులుసు తలుచుకునేవాడమ్మా. అది నిజం.”

ఆవిడ లేచి అతనికి వడ్డించారు. అతను తింటూ ఏడ్చాడు. ఆ తర్వాత ఎన్నో నెలలు ఆవిడ భర్తతో మాట్లాడలేదు. ఆయన ఆ మౌనాన్ని భరించారే తప్ప, చెప్పినందుకు ఒక్కనాడూ నొచ్చుకోలేదు.

చాలా ఏళ్ళకు మా బావ కాలవలో పడి చనిపోయినప్పుడు అక్కకు చెప్పాల్సిన పని నామీద పడింది. బావకు ఒంట్లో బాగాలేదని చెప్పి ఆవిడను తీసుకురమ్మన్నారు అందరూ. నేను వెళ్ళి అక్క పక్కన నేలమీద కూర్చున్నాను, చెయ్యి పట్టుకున్నాను, మొదటి మాటలోనే చెప్పేశాను.