రికార్డుకెక్కిన డ్రోను

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది, జూన్ మొదటి వారంలో నన్ను ధర్మవరం రెవెన్యూ కార్యాలయం నుంచి డెప్యుటేషన్ మీద ఒక రాజ్యసభ సభ్యుడి దగ్గరికి వ్యక్తిగత కార్యదర్శిగా పంపారు. అప్పటికి సర్వీసు రెండేళ్లే మిగిలింది. అడంగళ్లు, సర్వే నంబర్లు, సరిహద్దు రాళ్ల మధ్య జుట్టు నెరిసినవాణ్ని. ఉత్తర్వులో నా హోదాను ‘పీఎస్’ అని రాశారు. పీఎస్ అంటే పని సున్నా అని మా ఆవిడ అర్థం చెప్పింది. ఢిల్లీ వెళ్లాక తెలిసింది, ఆ సున్నా నిజమే కానీ దాని ముందు ఒక అంకె కూడా ఉందని.

మా సభ్యుడి పేరు కేశవయ్య గారు. హిందూపురంలో పాతికేళ్లు సివిల్ కేసులు వాదించిన వకీలు. తెలుగులో మొదలుపెట్టి కన్నడంలో ముగించినా తనకు తేడా తెలియని మనిషి. సభలో మాత్రం తెలుగులోనే మాట్లాడేవారు. అందుకు అనువాదకుల విభాగానికి ముందే కబురు పెట్టాలి. అది నా పనుల్లో ఒకటి. సభలో మాట్లాడే సమయం పార్టీ బలాన్ని బట్టి వస్తుంది. మాది చిన్న పార్టీ కాబట్టి ఆయనకు నాలుగు నిమిషాలో ఐదు నిమిషాలో దక్కేవి. ఆ ఐదు నిమిషాల ఉపన్యాసం ఉన్న రోజు నాకు ఉపవాసమే.

మా కార్యాలయంలో ఒక ఆనవాయితీ ఉండేది. విషయం ఏదైనా సరే, ప్రసంగంలో ఒకచోట మన ప్రాంతం ప్రస్తావన రావాలి. దాన్ని ‘జిల్లా ముక్క’ అనేవాళ్లం. అది ఉంటేనే మరుసటి రోజు జిల్లా పేజీలో వార్త వస్తుంది. లేకుంటే ఆయన ఢిల్లీలో ఉన్నారో తీర్థయాత్రలో ఉన్నారో ఊళ్లో ఎవరికీ తెలియదు. అసలు విషయం ఆయనే చదివి రాసుకునేవారు. జిల్లా ముక్క ఏరి పెట్టడం నా వంతు. జిల్లా పేపర్లు ఫోన్లో తిరగేసి, పనికొచ్చే వార్త కనిపిస్తే రెండు వాక్యాలుగా కుదించి ఇచ్చేవాణ్ని. రైల్వే మీద చర్చ అయితే ధర్మవరం జంక్షను, చేనేత అయితే ధర్మవరం మగ్గాలు. ధర్మవరం నా సొంత ఊరు కావడం వల్ల అది కొంచెం ఎక్కువగానే వినిపించేదని తర్వాత ఆయనే అన్నారు.

ఆ వర్షాకాల సమావేశాల్లో డ్రోన్లు, కృత్రిమ మేధ, దేశభద్రత అనే అంశం మీద స్వల్పకాలిక చర్చ పెట్టారు. స్వల్పకాలిక చర్చ అంటే ఓటింగు ఉండదు. సభ్యులు మాట్లాడతారు, చివర మంత్రి జవాబిస్తారు. అప్పటికి నాకు తెలిసిన ఎగిరే యంత్రం, మూత సరిగా పెట్టని మా ఇంటి మిక్సీ ఒక్కటే. కేశవయ్య గారు మాత్రం పార్లమెంటు గ్రంథాలయం నుంచి నోట్సు తెప్పించుకుని మూడు రోజులు కూర్చున్నారు. డ్రోనులో వాడే చిప్పులు ఎక్కడివి, అది తీసిన బొమ్మలు ఏ దేశంలో దాచుకుంటారు, కంపెనీకి నిబంధన పెట్టకుండా వాడేవాడికి మాత్రమే పెడితే ఏం లాభం అని మంచి ప్రశ్నలు రాసుకున్నారు. చివర్లో ఖాళీ వదిలి, ‘జి.ము.’ అని పెన్సిలుతో గుర్తు పెట్టారు. జిల్లా ముక్క.

నా అదృష్టం అనుకున్నాను, సరిగ్గా ఆ వారమే జిల్లా పేజీలో చిన్న వార్త వచ్చింది. పెనుకొండ దగ్గర రక్షణ శాఖకు కేటాయించిన స్థలంలో గుర్తు తెలియని డ్రోను దొరికిందని, పోలీసులు స్వాధీనం చేసుకున్నారని. నాలుగు వాక్యాల వార్త. నేను రెండు చేశాను. ‘మా పెనుకొండ లాంటి చిన్న ఊళ్లో కూడా రక్షణ శాఖ స్థలంలోకి గుర్తు తెలియని డ్రోను వచ్చిందంటే ముప్పు ఎంత దగ్గరికొచ్చిందో సభ గమనించాలి’ అని రాసిచ్చాను. ముప్పు, చిన్న ఊరు, సభ గమనించడం, అన్నీ అమరాయి. ఎవరినీ ఒక్క మాట అడగలేదు.

గురువారం ఆయన మాట్లాడారు. చివరి ముక్కకు అటూ ఇటూ బల్లలు చరిచారు. సభలో అన్న ప్రతి మాటనూ రిపోర్టర్లు రాసుకుంటారు. ఆ కాపీ సభ్యుడికి వస్తుంది. మరుసటి రోజులోగా అచ్చుతప్పులు, అంకెలు దిద్ది పంపవచ్చు. అర్థం మార్చడానికి వీల్లేదు. శుక్రవారం నేను ఆ కాపీ చూశాను. పెనుకొండ అన్న పేరును రెండు ముక్కలుగా విరిచి రాశారు. దాన్ని శ్రద్ధగా అతికించి పంపాను. ఊరి పేరు దిద్దాను, ఊరి మనిషి సంగతి పట్టించుకోలేదు.

శనివారం బెంగళూరు మీదుగా హిందూపురం చేరాం. ఆదివారం పొద్దున ఆయన ఇంటి వరండాలో అర్జీలు తీసుకునే వేళ. వరుసలో ఒకామె నిలబడి ఉంది. ముప్పై అయిదేళ్లు ఉంటాయేమో, చేతిలో ప్లాస్టిక్ ఫైలు. పేరు లక్ష్మీనరసమ్మ అని, పెనుకొండ దగ్గరి పల్లె అని, మహిళా పొదుపు సంఘంలో డ్రోను నడపడం నేర్చుకున్నానని చెప్పింది. ఏం పనిమీద వచ్చావమ్మా అని సార్ అడిగారు.

“మీరు పార్లమెంటులో గుర్తు తెలియని డ్రోను అన్న్యారంట గదా సార్. అది నాదే. నాకు బాగా గుర్తుండాది. కాగితాలన్నీ తెచ్చినా” అంది.

వరుసలో వెనకున్నవాళ్లు నవ్వారు. నేను నవ్వబోయి ఆగాను.

ఆమె చెప్పింది ఇది. వేరుశనగ చేన్లకు మందు కొట్టే డ్రోను అది. సంఘం పేరు మీద ఉంది. ఎగరడానికి అనుమతి ఉన్న చేనులోనే మందు కొడుతుండగా పెద్ద గాలి వచ్చింది. డ్రోను కొట్టుకుపోయి కంచె అవతల ముళ్లకంపలో దిగింది. ఆమె కంచె దూకలేదు. నేరుగా స్టేషనుకు వెళ్లి, నా డ్రోను లోపల పడింది, తెచ్చివ్వండి అని చెప్పింది. పోలీసులు తెచ్చారు. ఆమె పైలట్ సర్టిఫికెట్ చూశారు, రిజిస్ట్రేషన్ నంబరు సరిపోల్చారు. రెండు రోజుల్లో వచ్చి తీసుకుపొమ్మన్నారు. ఆ రెండో రోజే గురువారం.

“‘ఇచ్చేద్దామనే అనుకుంటిమమ్మా, ఇప్పుడు పార్లమెంటులో పడె గదా’ అంటాండారు పోలీసులు. పార్లమెంటులో పడింది మీ మాట సార్. నా డ్రోను ముళ్లకంపలో పడింది.”

ఆమె గొంతు పెంచలేదు కానీ ఆపలేదు కూడా. పైనుంచి నివేదిక అడిగారట. డ్రోనును ఎక్కడో ప్రయోగశాలకు పంపాలంటున్నారట. చేన్లలో ఆకుముడత మొదలైంది; ఈ వారం, పై వారం మందు పడకపోతే ఆకు మిగలదు. ఆమెతో మందు కొట్టించుకుంటామని మాటిచ్చిన పదకొండు మంది రైతుల్లో కొందరు, నీ డ్రోను మా చేనులోకి వస్తే మా మీదికీ కేసు వస్తుందేమో అంటున్నారు. ఊళ్లో చిన్నపిల్లలు మొదలు ముసలివాళ్ల దాకా ఆమెను ‘సీఐడీ అక్కా’ అని పిలుస్తున్నారు.

“గాలి దినం ఎగరేసింది నాదే తప్పు. ఆ పొద్దే స్టేషన్లో చెప్పినా. దానికి ఏం రాసుకుంటారో రాసుకోనీ. నేను చేయందానికి నన్ను దొంగను చేస్తే ఎట్ల సార్?”

సార్ నా వైపు తిరిగారు. ఆ వార్త నేనే ఏరాననీ, విచారించలేదనీ అక్కడే అందరి ముందూ చెప్పేశాను. దాచడానికి నాకు ధైర్యం చాలలేదు. ఆయన, “నువ్వు రాసినావప్పా, నేను చదివినా. సభలో చదివినోడిదే తప్పు” అన్నారు. తర్వాత, కోర్టులో సాక్షిని విచారించకుండా వాదించే వకీలును తానైతే ఏమనేవాడో కూడా వివరంగా చెప్పారు. ఆ భాగం ఇక్కడ రాయను.

నన్ను అదే పూట పెనుకొండ పంపారు. ఈసారి కాగితం కాదు, కళ్లతో చూసి రమ్మన్నారు. ఆమె చేను చూపించింది. కంచె అక్కడికి రెండు వందల అడుగులు ఉంటుంది. రెవెన్యూలో చేరిన కొత్తలో భూమి కొలిచే గొలుసు లాగినవాణ్ని కాబట్టి ఆ మాత్రం అంచనా వేయగలను. ఆమె ఫోన్లో ప్రభుత్వ పటం తెరిచింది. ఎగరవచ్చన్న చోట పచ్చరంగు, ఎగరకూడదన్న చోట ఎర్రరంగు. చేను పచ్చలో ఉంది, కంచె దాటితే ఎరుపు. డ్రోను ఎగిరిన దారి అంతా రిమోటులో గీత గీసినట్టు నిలిచి ఉంది. చాళ్ల వెంట తిన్నగా వెళ్లి, ఒకచోట పక్కకు జారి, ఆగిపోయింది. అంత స్పష్టమైన సరిహద్దు నేను నా సర్వీసులో ఏ తగాదాలోనూ చూడలేదు.

స్టేషనులో ఎస్సై మర్యాదస్తుడు. డ్రోను గది మూలన ఉంది. మందు ట్యాంకు మీద ఎర్ర పెయింటుతో, చేతిరాతతో, ఆమె పేరూ ఫోన్ నంబరూ రాసి ఉన్నాయి. గుర్తు తెలియనిది అని పేపరుకు ఎవరు చెప్పారో తనకూ తెలియదన్నాడు. పార్లమెంటు నుంచి ఒక కాగితం వస్తే పైవాళ్లకు పంపి వెంటనే ఇచ్చేస్తానని, తనంతట తాను ఇవ్వలేనని ఉన్నమాట చెప్పాడు.

ఆ కాగితం ఎలా వస్తుంది? సోమవారం ఢిల్లీ చేరాక సభ రిపోర్టర్ల విభాగానికి ఫోన్ చేశాను. దిద్దుబాటు గడువు అయిపోయిందని, గడువు ఉన్నా ఇది అచ్చుతప్పు కాదని అక్కడి అధికారి మృదువుగా చెప్పాడు. ఉన్నది ఒక్కటే దారి. సభాధ్యక్షుడి అనుమతితో సభ్యుడు స్వయంగా లేచి వ్యక్తిగత వివరణ ఇవ్వాలి. చదవబోయేది ముందుగా రాసి పంపాలి. అందులో వాదన ఉండకూడదు.

పార్టీ సభా నాయకుడికి సంగతి తెలిసి సాయంత్రం ఫోన్ చేశారు. ఇంత చిన్నదానికి సభలో లేవడం ఎందుకు, ఎస్పీకి ఒక ఉత్తరం రాస్తే పోయేదానికి, దేశభద్రత విషయంలో మన సభ్యుడే వెనక్కి తగ్గాడంటే పార్టీ పలచన అవుతుంది అన్నారు. రాబోయే డ్రోను బిల్లు మీద మాట్లాడేవాళ్ల జాబితా ఇంకా ఖరారు కాలేదని కూడా గుర్తు చేశారు. కేశవయ్య గారికి ఆ బిల్లు మీద మాట్లాడాలని ఎంత ఉందో నాకు తెలుసు. ఏడాది నుంచి చదువుతున్నారు. ఆయన అన్నది మాత్రం, “ఉత్తరం నేను రాస్తే అది నా మాట, అన్నా. రికార్డులో ఉన్నది సభ మాట. దాన్ని ఉత్తరం కొట్టేయలేదు” అని. జాబితా గురించి ఏమీ అనలేదు.

వివరణ ముసాయిదా నేనే రాశాను. నాలుగు పేజీలు వచ్చింది. రెవెన్యూ అలవాటు, మనవి చేసుకోవడం మొదలుపెడితే ఆగదు. ఆయన చదివి, “ఈయమ్మకు నాలుగు పేజీలు అక్కర్లేదప్పా” అని, వెనకవైపు మూడు వాక్యాలు రాశారు.

బుధవారం ప్రశ్నోత్తరాలు ముగిశాక అనుమతి వచ్చింది. నేను ఆయన క్వార్టర్సులో టీవీ ముందు కూర్చున్నాను. ఆయన లేచి, “పోయిన వారం నేను చెప్పిన పెనుకొండ డ్రోను గుర్తు తెలియనిది కాదు. అది చేన్లకు మందు కొట్టే ఒక మహిళా సంఘానిది, గాలికి కంచె దాటింది, నడిపినామె తానే పోయి పోలీసులకు చెప్పింది. విచారించకుండా మాట్లాడింది నేను, కాబట్టి తప్పు నాది” అని చదివి కూర్చున్నారు. ఈ సభలోనూ గాలి ఎక్కువేనని వెనక బల్లల నుంచి ఎవరో అన్నారు, కొందరు నవ్వారు. అధ్యక్షులు ‘నమోదైంది’ అన్నారు. మొత్తం ఒక నిమిషం పట్టలేదు. ఈసారి బల్లలు ఎవరూ చరచలేదు.

ఆ పుట ధ్రువీకరించిన నకలు తీసి పెనుకొండకు పంపించాను. అది పంపిన తొమ్మిదో రోజున డ్రోను ఇచ్చారు. గాలి రోజు ఎగరేసినందుకు హెచ్చరిక రాసి సంతకం తీసుకున్నారు. ఆమె అభ్యంతరం చెప్పలేదు. అప్పటికే మొదటి మందు అదను దాటిపోయింది. పదకొండు మందిలో నలుగురు అమరాపురం వైపు నుంచి వచ్చిన వేరేవాళ్లతో కొట్టించుకున్నారు. మిగిలిన ఏడుగురికి ఆమె రెండో మందు కొట్టింది. సభ నుంచి తెచ్చిన కాగితం నకలును ఆమె లామినేషన్ చేయించి డ్రోను పెట్టెలో పెట్టుకుందని, ఎవరైనా ‘సీఐడీ అక్కా’ అంటే తీసి చూపిస్తోందని సంఘం వాళ్లు చెప్పారు. అయినా ఆ పేరు పోలేదట.

బిల్లు మీద మాట్లాడేవాళ్ల జాబితాలో మా సభ్యుడి పేరు రాలేదు. ఆయన ఆ రోజు సభకు వెళ్లి చివరిదాకా కూర్చున్నారు. బయటికొచ్చాక మంత్రికి ఉత్తరం రాశారు. పొరపాటున హద్దు దాటిన డ్రోనుకూ, కావాలని దాటించిన డ్రోనుకూ చట్టంలో తేడా ఉండాలనీ, తామే వెళ్లి చెప్పినవాళ్ల యంత్రాన్ని ఎన్ని రోజుల్లో తిరిగివ్వాలో రాయాలనీ. ఇది లక్ష్మీనరసమ్మ దగ్గర నేర్చుకున్నది. విషయం పరిశీలనలో ఉందని జవాబు వచ్చింది. నేను రిటైరయ్యే నాటికి ఇంకా పరిశీలనలోనే ఉంది.

దేశభద్రత మీద మాట్లాడే సభ్యుడికి యంత్రాల గురించి ఎంత రాసిచ్చినా తక్కువే. కానీ అందులో ఒక మనిషి ప్రస్తావన ఉంటే, ముందు ఆ మనిషితో మాట్లాడాలి. ‘గుర్తు తెలియని’ అన్న మాటకు చాలాసార్లు ఉన్న అర్థం, ఎవరూ వెళ్లి అడగలేదని. ఆ తర్వాత రిటైరయ్యేదాకా నేను రాసిన ప్రతి జిల్లా ముక్క పక్కనా, మార్జినులో, నేను స్వయంగా ఎవరితో మాట్లాడానో ఆ పేరు రాసేవాణ్ని. మార్జిను ఖాళీగా ఉంటే కేశవయ్య గారు ఆ పేరా కొట్టేసేవారు. ప్రసంగాలు చిన్నవయ్యాయి. జిల్లా పేజీలో మా వార్తలు తగ్గాయి. దేశభద్రతకు దానివల్ల భంగం కలిగినట్టు ఎవరూ ఫిర్యాదు చేయలేదు.