ఓదెలు మెచ్చని పొట్టేలు

పొట్టేలు కనబడితే వంక పెట్టకుండా ఉండడం ఓదెలు వల్ల అయ్యే పని కాదు. అన్నం లేకుండా ఉంటాడు, చుట్ట లేకుండా ఉంటాడు, పెళ్లాంతో మాటల్లేకుండా అయితే ఇంకా హాయిగా ఉంటాడు. కానీ కళ్లముందు నిలబడ్డ పొట్టేలును ఓ మాట అనకుండా ఇంటికి పోతే మాత్రం ఆయనకు తిన్నది అరగదు.

నెక్కొండ చుట్టుపక్కల గొర్రెలవాళ్లకు ఓదెలు మాటంటే మాటే. మందకు విత్తనపు పొట్టేలును ఎంచాలంటే ఆయన్ని పిలవాల్సిందే. వస్తాడు. గొంగడి దులిపి భుజాన వేసుకుంటాడు. పళ్లు చూస్తాడు, వీపు మీద బొటనవేలితో నొక్కుతాడు, కాళ్ల మధ్య చెయ్యి పెట్టి చూస్తాడు, దీని తల్లి ఏదని అడుగుతాడు. అంతవరకు పెద్దమనిషే. ఆ తర్వాత నోరు తెరుస్తాడు.

"ఇది నవ్వుతాంది," అన్నాడొకసారి మల్లేశం పొట్టేలును చూసి.

"పొట్టేలు నవ్వుడేంది ఓదెలన్నా?"

"నేనడిగేది గూడ గదే. దీని పిల్లలు నవ్వుకుంట తిరిగితె మేత ఎప్పుడు మేస్తయిరా?"

మెలికలు తిరిగిన కొమ్ములున్న ఇంకో పొట్టేలును చూసి తల అడ్డంగా ఊపాడు. "కొమ్ములు చెరో దిక్కు చూస్తానయి. ఒకటి వరంగల్లు పోదామంటది, ఒకటి మానుకోట పోదామంటది. నడుమల మంద ఆగమైతది." మరొకదానికి తోకలో అలక ఉందన్నాడు. ఆ పొట్టేలు గలాయన పాపం, చాలాసేపు తోక ఎత్తి వెతుక్కున్నాడు.

ఓదెలు అసలు మెచ్చుకోడని కాదు. మెచ్చుకుంటాడు. అయితే మెచ్చిన పొట్టేళ్లన్నీ ఆయన మందలోవే, అన్నీ పళ్లు అరిగినవే. ఒక కుంటి ముసలిదాన్ని నిమురుతూ "ఆహా, గుర్రమే అనుకో!" అంటుంటే ఊళ్లోవాళ్లు నవ్వాపుకోలేక మొహాలు పక్కకు తిప్పుకునేవారు.

ఈ సంగతులేవీ తలకెక్కని మనిషి ఆ ఊళ్లో ఒక్కడే, కట్టయ్య. హసన్‌పర్తి దిక్కు నుంచి ఇల్లరికం వచ్చిన అల్లుడు. ఓదెలు అతని పెళ్లాం సమ్మక్కకు పెదబాపు, అంటే కట్టయ్యకు వరసకు మామ. అత్తగారి మంద చేతికొచ్చేనాటికి అది మంద అనే మాటకే తగనట్టుంది. పుట్టిన పిల్లలు ఎలుకపిల్లలంతే ఉండేవి, సగం చలికే పోయేవి. మంచి పొట్టేలు లేక మంద చచ్చిపోతోందని కట్టయ్యకు అర్థమైంది. తల్లి చచ్చిన ఒక పిల్లను సమ్మక్క జొన్న గటక జావ తాగించి బతికించింది. అది పెరిగి పెరిగి నల్లగా, దిట్టంగా, గడప నిండేంతైంది. దానికి పైల్వాన్ అని పేరు పెట్టారు. కట్టయ్య ఆశంతా దాని మీదే. ఓదెలు మామ నోటి నుంచి ఒక్క మంచి మాట వింటే చాలు, జన్మ ధన్యమే అనుకున్నాడు.

మామ వచ్చాడు. పైల్వాన్ చుట్టూ తిరిగాడు. వీపు నొక్కాడు, రొమ్ము కొలిచాడు, దాన్ని నాలుగడుగులు నడిపించాడు.

"థూ! పట్వారీ నడక."

"ఏంది మామా?"

"నడక జూడరాదురా. సర్వే చేస్తాంది. దీని పిల్లలకు భూముల లెక్కలొస్తయి గని ఉన్ని రాదు." అని గొంగడి దులుపుకొని పోయాడు.

కట్టయ్య అన్నం ముట్టలేదు. సమ్మక్క మాత్రం మొహం వెలిగిపోతూ వచ్చి కూర్చుంది.

"తిట్టిండా?"

"తిట్టిండు."

"బాగ తిట్టిండా?"

"నా పొట్టేలును పట్వారీ అన్నడే!"

"అబ్బా, అంత మాటన్నడా! ఇగ ఫికర్ లేదు, తిను," అని ఇంకో రొట్టె వేసింది. పెళ్లాం కూడా మామ పక్షమేనని కట్టయ్య మనసు విరిగిపోయింది.

అవి నిజాం సర్కారు దినాలు. దొర కోటలాంటి గడిలో విందంటే పొట్టేలు ఊళ్లోంచే పోవాలి, ఊరికే పోవాలి. అదీ మందలన్నిటిలో మేలైనది. ఆ ఎండాకాలం దొర కొడుకు పెళ్లి కుదిరి, గడి గుమాస్తా రాజేశ్వర్ రావు మందల మీద పడ్డాడు. పొట్టేలును ఎంచడానికి వెంట ఎవరిని తెచ్చుకున్నాడంటారు? ఓదెలునే. ఆయన్ని మించి తెలిసినవాడు లేడాయె.

వాళ్లిద్దరూ దొడ్లోకి రావడం చూసి కట్టయ్య పైల్వాన్ ముందుకు జరిగి నిలబడ్డాడు. పైల్వాన్ పోతే మంద పోయినట్టే. గుమాస్తా కళ్లు అప్పటికే దాని మీద పడ్డాయి.

"ఓదెలూ, గిది ముద్దుగున్నది గదరా."

"ముద్దుగనే ఉంటది దొరా. గుణమే మంచిది గాదు. దీని కూర తిన్నోళ్లకు దీని గుణమే అస్తది."

"ఏం గుణంరా?"

"కుమ్ముడు. సుట్టమా, పక్కమా చూడరు. పెండ్లి పంక్తిల వియ్యంకులు ఎదురెదురుంగ కూసుంటరాయె. మీ ఇష్టం."

ఇంతలో పైల్వాన్ మెల్లగా వచ్చి గుమాస్తా పొట్టకు మూతి ఆనించి నిలబడింది.

"ఇది ఆవు తీరుగున్నది గదరా!"

"కుమ్మే ముంగట గట్లనే ప్రేమ చేస్తది దొరా. ఇది పుట్టువడికే లుచ్చాది, దొంగది, ఎందుకు పనికిరానిది..."

అక్కడ ఆగింది కట్టయ్య ఓపిక. కోపమొస్తే అతనికి ముందు నోరు కదులుతుంది, బుద్ధి తర్వాత తీరిగ్గా వస్తుంది.

"అబద్ధం! నా పైల్వాన్ అసొంటి పొట్టేలు ఈ తాలూకల లేదు! వీపు చూడుండ్రి, రొమ్ము చూడుండ్రి, ఎంత కొవ్వు..."

సమ్మక్క పరుగున వచ్చి చేతిలోని జొన్నరొట్టెను మొగుడి నోట్లో కుక్కింది. కానీ మాట అప్పటికే బయటపడింది.

"కొవ్వున్నదా?" అన్నాడు గుమాస్తా, నోరూరుతూ.

ఓదెలు నోట్లోంచి చుట్ట జారి కిందపడింది. అయితే ఆయన అంత తేలిగ్గా ఓడిపోయే రకమా?

"దొరా, కట్టయ్యను చూడుండ్రి! మొన్నటిదాక నోట్ల నాలిక లేని పిలగాడు. దీని సోపతి పట్టిండు, గింతే. కూర తినకముందే గిట్లయిండు. అగో, మెడ దించిండు. అగో, గుడ్లురుముతాండు!"

నోటి నిండా రొట్టె, తిట్టే దారి లేదు. కోపమంతా కట్టయ్య తలకెక్కింది. తల వంచి నేరుగా మామ మీదికి దూకాడు. ఓదెలు పొట్టేళ్లతో ముసలైన మనిషి, చటుక్కున పక్కకు తప్పుకున్నాడు. వెనకాలున్న గుమాస్తా తప్పుకోలేకపోయాడు. కట్టయ్య తల వెళ్లి ఆయన పొట్టకు తగిలి, రాజేశ్వర్ రావు గొర్రె పెంటికల కుప్పలో కూలబడ్డాడు.

కట్టయ్యకు అప్పుడు వచ్చింది బుద్ధి.

"బాంచెన్ దొరా," అన్నాడు ఓదెలు వినయంగా, "ఇది ఈని తప్పు గాదు. పొట్టేలు తప్పు."

గుమాస్తా కిందపడ్డ తలరుమాలు కూడా తీసుకోకుండా లేచాడు. "నిజమేరా ఓదెలూ! వీన్ని దూరం పట్టుకోండ్రి! ఇంకోటి ఏదన్న మంచిది లేదా?"

"నా మందల ఉన్నది దొరా. గుర్రమే అనుకోండ్రి."

అట్లా ఓదెలు కుంటి ముసలిది గడికి నడిచిపోయింది. ఆ విందులో పెళ్లివారు తెల్లారేదాకా నమిలారట. అయినా ఒక్కరూ కుమ్ముకోలేదని గుమాస్తా ఊపిరి పీల్చుకున్నాడు.

"ఇప్పటికన్న సమజైందా?" అంది సమ్మక్క, ముసలిది గడికి పోయిన రోజు రాత్రి. "పెదబాపు మెచ్చినయన్ని గడి పొయ్యి మీదికే పోయినయి. అన్ని ఆయన సొంతయే. తిట్టినయన్ని ఊరి మందలల్ల ఉన్నయి."

"మరి నాకెందుకు చెప్పలే?"

"నీ కడుపుల మాట ఆగుతదా?"

"ఊరంతకు ఎరుకేనా?"

"గొర్రెలకు గూడ ఎరుకే."

కట్టయ్యకు సిగ్గూ నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. మామను కుమ్మబోయిన తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మర్నాడు పొద్దున్నే ఓదెలు తన ఆడగొర్రెల్ని తోలుకొని దొడ్డి ముందు నిలబడ్డాడు. గడికి ఇవ్వడానికి ముసలివాటినే మేపి మేపి, ఆయన మందలో పనికొచ్చే పొట్టేలు ఒక్కటీ లేకుండాపోయింది.

"ఏం చేద్దురా అల్లుడా, నా గొర్రెలకు అక్కల్ లేదు, బుద్ధి లేదు. ఆ పట్వారీనే కావాల్నంటానయి."

కట్టయ్య గొంగడి దులిపి భుజాన వేసుకున్నాడు. గొర్రెల వీపులు బొటనవేలితో నొక్కాడు. నాలుగడుగులు నడిపించి చూశాడు.

"కుదరదు మామా. నీ గొర్రెలది దొరసాని నడక. మా పైల్వాన్ గరీబోడు."

ఓదెలు తలరుమాలు జారిపోయేలా నవ్వాడు. "ఇగ నువ్వు ఈ ఊరోనివైతివిరా!"

వానలు వెలిసి చలి మొదలయ్యేసరికి కట్టయ్య మందలో పైల్వాన్ పిల్లలు గెంతసాగాయి. వాటిలో బలమైన పోతుపిల్లను ఎత్తుకొని కట్టయ్య మామ దగ్గరికి పరుగెత్తాడు. ఓదెలు దాని వీపు నిమిరాడు, కాళ్లు చూశాడు.

"మంచిగున్నదిరా," అన్నాడు.

కట్టయ్య మొహం వాడిపోయింది. "గట్లనకు మామా! సరిగ్గ చూడు. జర ఏదన్న ఒక మాటను."

ఓదెలు పిల్లను మళ్లీ ఎత్తి, ఎండకు తిప్పి, కళ్లు చిట్లించాడు.

"థూ! చెవులు జూడు, చాడీలు చెప్పేటోని చెవులు. ఇది పెద్దగైతె ఇండ్లు కూలుస్తది!"

కట్టయ్య పిల్లను భుజాన వేసుకొని, పెళ్లాంతో చెప్పడానికి ఇంటిదాకా ఉరికాడు.

"సమ్మక్కా! తిట్టిండే! బాగ తిట్టిండు!"