బంగారం త్రాసులో మా వీధి దుమ్ము

మా టీచరమ్మ ఇక లేదని పోయిన నెల ఒక పొద్దున ప్రొద్దుటూరు ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. గుండెపోటు. ముందు రోజు సాయంత్రమే నా కుట్టు మిషను పక్కన కూర్చుని, జాకెట్టు చేతులు బిగువుగా కుట్టానని నన్ను తిట్టిపోయిన మనిషి. ఆ చేతులు విప్పి మళ్లీ కుట్టాను. జాకెట్టు నా దగ్గరే ఉంది. ఎవరికిచ్చేది?

ఆమె పులివెందుల హైస్కూల్లో చాలా ఏళ్లు సైన్సు చెప్పింది. భర్త ముందే పోయాడు, పిల్లలు లేరు. రిటైరయ్యాక, తమ్ముడుండే ఊరు కదా అని జమ్మలమడుగు వచ్చి, మా ఎదురింట్లో దిగింది. మా వీధి చివర ఉండే పౌడరు మిల్లు ఆ తమ్ముడిదే. రాళ్లను మెత్తగా పొడి చేసి బస్తాలకెత్తుతారు. ఆ పొడి సగం బస్తాల్లోకి పోతే సగం మా ఇళ్లలోకి వస్తుందని మేం అనుకునేవాళ్లం. నల్ల జాకెట్టు గుడ్డ మధ్యాహ్నం దండెం మీద వేస్తే సాయంత్రానికి బూడిదరంగుకు తిరిగేది. పిల్లలకు ఒకటే దగ్గు. మేం మిల్లునూ మున్సిపాలిటీనీ మా తలరాతనూ కలిపి తిట్టుకునేవాళ్లం. తిట్టడంలో మా వీధి ఎవరికీ తీసిపోదు.

కొత్తగా వచ్చిన టీచరమ్మ కొన్నాళ్లు అంతా విని, ఒక రోజు నాతో అంది. "తిట్లకు తూకం ల్యాదు పాపా. దుమ్ముకు ఉండాది. దాన్నే తూచుదాం."

ఇంటికొక చిన్న స్టీలు ప్లేటు. దాని మీద పల్చగా వాజలైను పూసి మిద్దె మీద పెట్టాలి. దుమ్ము దానికి అతుక్కుంటుంది. వారం తర్వాత తెచ్చివ్వాలి. ఇంతే పని. మొదటి వారం మా ఆడవాళ్లు తెచ్చిచ్చిన ప్లేట్లు చూసి టీచరమ్మ నెత్తిన చేతులు పెట్టుకుంది. ఒక్కొక్కటీ అద్దంలా మెరుస్తోంది. అందరూ సబీనా వేసి శుభ్రంగా తోమి మరీ తెచ్చారు.

"మురికి ప్లేటు ఒకరింటికి ఎట్ల ఇస్తాం టీచరమ్మా? మమ్మల్నేమనుకుంటారు?" అంది మా పక్కింటి పెద్దమ్మ.

టీచరమ్మకు నవ్వు ఆగలేదు. "కడిగిన ప్లేటు అన్నానికమ్మా. నాకు మురికిదే తెచ్చియ్యండి" అంది. కోప్పడుతుందేమో అని నేను భయపడ్డాను కానీ, తెలియనివాళ్ల మీద ఆమెకు ఎప్పుడూ కోపం రాలేదు. తెలిసి తప్పుకునేవాళ్ల మీదే వచ్చేది.

ప్లేట్లు సరే, అంత సన్నటి దుమ్మును తూచే త్రాసు మాకెక్కడిది? దానికీ ఆమే దారి చూసింది. ప్రొద్దుటూరులో ఆమె పాత శిష్యుడికి బంగారం అంగడి ఉంది. ప్లేట్లను టిఫిన్ క్యారియర్ గిన్నెల్లో ఒక్కొక్కటిగా సర్ది, ఒళ్లో పెట్టుకుని ఇద్దరం బస్సెక్కాం. కండక్టరు "ఏం కూరక్కా?" అని అడిగితే, "దుమ్ము కూర" అన్నాను. అతను రోజంతా నన్ను తిట్టుకుని ఉంటాడు.

అంగట్లో శిష్యుడు లేచి నిలబడ్డాడు. "రాండి టీచర్. ఏం సూపియ్యమంటారు? మీకు తరుగు ల్యాకుండా ఇస్తా" అన్నాడు.

"బంగారం వద్దు నాయనా. మా వీధి దుమ్ము తూచియ్యి" అని ఆమె క్యారియర్ మూత తీసింది. పెళ్లి హారాలు చూసుకుంటున్నవాళ్లంతా మా వైపు తిరిగారు. ఆ అబ్బాయి మొదట నవ్వాడు. తర్వాత తనే ఫ్యాను ఆపించి, ఊపిరి బిగబట్టి, ఒక్కో ప్లేటూ తూచాడు. వాజలైను పూసినప్పటి బరువు, దుమ్ము పట్టిన తర్వాతి బరువు. అప్పటి నుంచి మా వీధి దుమ్ము బంగారం త్రాసులోనే తూగుతూ వచ్చింది.

వాన పడిన వారం ప్లేట్లు ఎందుకు పెట్టాలి, దుమ్ము ఉండదు కదా అని మేం గొణిగితే ఒప్పుకునేది కాదు. "మనకు నచ్చిన దినాలే తూచుకుంటే అది కొలత గాదు, కోరిక" అనేది. ఒకాయన తన ప్లేటులో మిల్లు పొడి గుప్పెడు చల్లి తెచ్చాడు, బరువు పెరుగుతుందని. ఆమె దాన్ని ఆయన కళ్లముందే పారబోసి, ఆ వారం మొత్తం తూకాలన్నీ కొట్టేసింది. మా అందరి శ్రమా పోయిందని నాకు ఒళ్లు మండింది. ఆమె మాత్రం ఖాళీ ప్లేట్లకు మళ్లీ వాజలైను పూస్తూ కూర్చుంది.

కొన్ని నెలలకు సంగతి తేలింది. మిల్లుకు దగ్గరయ్యేకొద్దీ దుమ్ము బరువు పెరుగుతోంది. ఆ తూకాలు తీసుకుని ఆమె నేరుగా తమ్ముడి దగ్గరికే పోయింది. తోడు నేనూ ఉన్నాను.

"అది రోడ్డు దుమ్ము అక్కా. మిల్లు పక్కనే గదా రోడ్డు ఉండేది? ఊళ్లో లారీలన్నీ ఆడనే తిరుగుతాండాయి" అన్నాడాయన.

"అట్లయితే నాలుగు దినాలు మిల్లు ఆపు నాయనా. లారీలు ఎట్లాగూ తిరుగుతానే ఉంటాయి. ప్లేట్లే చెప్తాయి."

"నాలుగు దినాలా? ఆర్డర్లు యాడ పోతాయి? ఈ వీధోళ్లే పదిమంది నా కాడ పనిజేస్తాండారు, వాళ్ల కూలి నువ్విస్తావా?"

"మూసెయ్యమంటల్యా. నీ మిల్లుదని తేలితే, దుమ్ము బయటికి రాకుండా పట్టే సంచులు మిల్లుకు బిగించు. కాదని తేలితే, అందరి ముందర తప్పు నాదని నేనే చెప్తా."

ఆయన ఇంక మాట్లాడలేదు. ఆ రోజే కాదు, తర్వాత కూడా. ఆయన కూతురి పెళ్లికి పిలుపు ఫోనులో వచ్చింది, అదీ మరదలి చేత. అయినా టీచరమ్మ నన్ను తోడు తీసుకుని, ప్రొద్దుటూరులో జరిగిన ఆ పెళ్లికి వెళ్లింది. మేనత్తగా చెయ్యవలసినవన్నీ చేసింది. తమ్ముడు మొహం తిప్పుకుని తిరిగాడు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆమె కొంగుతో కళ్లు తుడుచుకోవడం చూశాను. "వాని మీద ప్లేట్లు పెట్టల్యా నేను. వాడే అట్లనుకున్న్యాడు" అంది. మరుసటి రోజు పొద్దున్నే మిద్దె మీద వాజలైను డబ్బాతో కనిపించింది. అంత బాధలోనూ పని మానని ఆమెను చూస్తే నాకు గౌరవంతో పాటు కొంచెం భయం కూడా వేసేది.

ఆమెకు కొరివి పెట్టింది ఆ తమ్ముడే. ఆ రోజే మిల్లు ఆపించాడు, దినాలయ్యేదాకా తిప్పొద్దన్నాడు. సాయంత్రం మా ఆడవాళ్లు ఈ వారానికి ప్లేట్లు వద్దులే అన్నారు. "చావుకు సెలవుందని ఆమె ఎప్పుడన్నా చెప్పిందా?" అని అరిచి అందరి చేతా పెట్టించాను. నిజానికి, ఏడుస్తూ కూర్చోలేక నాకు ఏదో ఒక పని కావలసి వచ్చింది.

దినాల ముందు రోజు ఆమె మిద్దె మీది ప్లేటు తియ్యడానికి ఎక్కాను. ఇంటి సామాన్లు చూసుకోవడానికి వచ్చిన తమ్ముడు నా వెనకే పైకి వచ్చాడు. కింద రోడ్డు మీద ఒకదాని వెనక ఒకటి లారీలు పోతున్నాయి. ప్లేటు మీద వాజలైను అప్పుడే పూసినట్టు నిగనిగలాడుతోంది.

"ఇది ఎప్పుడు పెట్టినావు పాపా?"

"టీచరమ్మ పోయిన దినమే అన్నా. అప్పట్నుంచి ఎవురూ ముట్టుకోల్యా."

ఆయన రోడ్డు వైపు చూశాడు, మిల్లు వైపు చూశాడు. తర్వాత ప్లేటు చేతిలోకి తీసుకుని, ఈ చివర నుంచి ఆ చివరకు వేలితో గీశాడు.

"అక్క అడిగిన నాలుగు దినాలు ఇవే గదా" అన్నాడు.

అప్పుడే ఆయన ఫోను మోగింది. మిల్లు మేస్త్రీ గొంతు నాకూ వినపడింది. "అన్నా, ఎల్లుండి నుంచి మిల్లు తిప్పుదామా? అన్నా... అన్నా..." అని పిలుస్తూనే ఉన్నాడు. ఆయన తన వేలినే చూసుకుంటున్నాడు. దానికి వాజలైను తప్ప ఏమీ అంటలేదు.